ఎల్లారెడ్డి స్టూడియోలో కనబడని కార్డు

2022లో నేను కామారెడ్డిలో ఫీల్డ్ సర్వీస్ ఇంజినీరును. కంప్యూటర్లు అమ్మి, మరమ్మతు కూడా చేసే ఒక కంపెనీకి నిజామాబాద్‌లో సర్వీస్ సెంటర్ ఉండేది. దాని కింద కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి, నిజాంసాగర్ మీదుగా మద్నూర్ దాకా ఉన్న ఏరియా నాది. ఫీల్డ్ ఇంజినీరు అంటే పనిముట్ల బ్యాగు వేసుకొని కస్టమర్ దగ్గరికి వెళ్లేవాడు. బెంచ్ ఇంజినీరు అంటే సర్వీస్ సెంటర్‌లో కూర్చొని, మేము తెచ్చిన వస్తువులను పరీక్షించేవాడు. ఇద్దరిదీ ఒకే హోదా అని నియామక పత్రంలో ఉంటుంది. ఆచరణలో ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఆ ఏడు వానాకాలంలో కంపెనీ ఇంజినీర్లకని రెయిన్‌కోట్లు పంపితే, అవి నిజామాబాద్‌లో ఫ్యాను కింద కూర్చునేవాళ్లకే సరిపోయాయి. నేను మద్నూర్ దారిలో మోటార్ సైకిల్ మీద తడిసిపోతూ వెళ్లాను.

మా సర్వీస్ మేనేజర్ వయసులో నాకంటే చిన్నవాడు. ఒక సమీక్షా సమావేశంలో ఆయన నన్ను చూపించి, "ఖాజా గారి ఏరియాలో కంప్యూటర్ల కన్నా బర్రెలు ఎక్కువ" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ల పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. నవ్వనిది స్రవంతి ఒక్కతే. ఆమె బెంచ్ ఇంజినీరు. ఈ సంగతిలో ఆమె పాత్ర కూడా ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

ఆ ఏడు దసరాకు ముందు ఎల్లారెడ్డిలోని ఒక ఫోటో స్టూడియోకు మేము గ్రాఫిక్స్ కార్డు ఒకటి అమ్మాము. స్టూడియో యజమాని పేరు నర్సింలు. పెళ్లిళ్లకు వీడియో తీసి, తనే ఎడిటింగ్ చేసేవాడు. గ్రాఫిక్స్ కార్డు అంటే తెర మీద బొమ్మ గీసే పనిని కంప్యూటర్ మెదడు నుంచి తీసుకొని తానే చేసే విడి బోర్డు. నర్సింలు దగ్గర ఉన్న పాత కార్డు పనిచేస్తుంది కాని, ఇప్పటి కెమెరాలు తీసే వీడియోను మోయలేదు. ఒక పెళ్లి వీడియో తయారు కావడానికి రోజంతా పట్టేది. ఆ సమయంలో అతని చేతిలో ఒక పెళ్లి పని ఉంది. పెళ్లికొడుకు గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాడు. సెలవు ముగిసేలోగా వీడియో చేతికి ఇస్తానని నర్సింలు మాట ఇచ్చాడు.

కంపెనీ నిబంధన ప్రకారం కొత్త కార్డు పెట్టె సీలును ఇంజినీరే, కస్టమర్ ఎదుట తీయాలి. నర్సింలు ఒప్పుకోలేదు. దసరా నాడు కెమెరాలకు, లైట్లకు, కంప్యూటర్‌కు పూజ చేసుకుంటానని, కొత్త సామాను కూడా ఆ వరుసలో ఉండాలని పట్టుబట్టాడు. మేనేజర్ ఫోన్‌లో సరే అన్నాడు. పెట్టెను పండుగకు ముందే ఇచ్చేశారు. ఇవ్వమన్నది ఎవరో ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. తర్వాత ఆయన గుర్తుపెట్టుకోలేదు.

పండుగ మర్నాడు నేను ఎల్లారెడ్డి వెళ్లాను. స్టూడియో ముందు గదిలో, వెనక ఇల్లు. కంప్యూటర్ మీద కుంకుమ బొట్లు, కీబోర్డు మీద బంతిపూల రెక్కలు ఉన్నాయి. పెట్టె చూస్తే సీలు తీసి ఉంది. అడిగాను. నర్సింలు, "పెట్టెకు బొట్టు పెట్టినం భాయ్, కార్డు బయటికి తియ్యలే" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. అతనికి తెలిసింది అంతే. నేను అక్కడి నుంచే మేనేజర్‌కు ఫోన్ చేసి, సీలు తెరిచి ఉందని చెప్పాను. "దసరా కదా, తెరిచి చూసుకొని ఉంటరు. పెట్టేసి రండి" అన్నాడు.

బోర్డుల మీద పని చేసేటప్పుడు మన ఒంట్లోని స్థిర విద్యుత్తు వాటికి తగలకుండా మణికట్టుకు ఒక పట్టీ కట్టుకొని, దాని తీగను కంప్యూటర్ ఇనుప పెట్టెకు తగిలించాలి. అది కట్టుకుంటుంటే నర్సింలు, "ఏంది భాయ్, బీపీ చూసుకుంటున్నవా?" అన్నాడు. ఈ మాట నాకు ఎందుకు ముఖ్యమో తర్వాత తెలుస్తుంది.

పాత కార్డు తీసి, కొత్తదాన్ని స్లాట్‌లో కూర్చోబెట్టాను. స్లాట్ అంటే మదర్‌బోర్డు మీద ఉండే పొడవాటి గాడి. కార్డు అడుగు అంచున బంగారు పూత పూసిన సన్నని పలకలు వరుసగా ఉంటాయి. అవి ఆ గాడిలోని పిన్నులను తాకితేనే కార్డు ఉన్నట్టు కంప్యూటర్‌కు తెలుస్తుంది. కరెంటు తీగ తగిలించి, మానిటర్ కేబుల్‌ను కార్డుకు మార్చి, మిషన్ ఆన్ చేశాను. కార్డు మీది ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది.

కొత్త కార్డు కనబడకపోతే చూడవలసినవి ఒక వరుసలో ఉంటాయి. కార్డుకు పోయే కరెంటు తీగ పూర్తిగా కూర్చుందా, కార్డు క్లిప్పు పడేదాకా దిగిందా, పవర్ సప్లైకి దాన్ని మోసే శక్తి ఉందా. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మానిటర్‌ను మళ్లీ మదర్‌బోర్డుకే తగిలించి, బయోస్‌లోకి వెళ్లాను. అది కంప్యూటర్ లేవగానే అన్నిటికన్నా ముందు మేలుకొనే చిన్న ప్రోగ్రాం. అందులో స్లాట్ ఖాళీ అని చూపిస్తున్నది. విండోస్‌లో పరికరాల జాబితా తెరిస్తే అందులోనూ లేదు. కళ్ల ముందు ఫ్యాన్లు తిరుగుతున్న కార్డు, కంప్యూటర్ లెక్కలో లేనే లేదు.

పాత కార్డయితే ఆ బంగారు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మా వృత్తిలో మొదటి ఉపాయం. కొత్త కార్డుకు అది చేస్తే గీతలు పడి వారంటీ పోతుందని కంపెనీ రాతపూర్వకంగా నిషేధించింది. కాబట్టి కంటితో చూశాను. పసిడి రంగు అంచు పసిడి రంగులోనే ఉంది.

మేనేజర్ కార్డును నిజామాబాద్ పంపమన్నాడు. పంపించాను. నర్సింలు పని ఆగకుండా అతని పాత కార్డును మళ్లీ పెట్టాను. అదీ కనబడలేదు. పండుగ దాకా నడిచిన కార్డు, నడిచిన స్లాట్.

ఆ సమయంలో పెళ్లికూతురి అన్న వీడియో సంగతి అడగడానికి వచ్చి స్టూడియోలో కూర్చొని ఉన్నాడు. అతని ముందర నర్సింలు, "ఖాజా భాయ్ చెయ్యి పెట్టిండు, ఉన్నది గూడ పాయె" అన్నాడు. ఆ అన్న నన్ను కాళ్ల నుంచి తల దాకా చూశాడు. నేను బ్యాగు సర్దుకొని వచ్చేశాను. ఎల్లారెడ్డిలో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి. అలాంటి మాట బస్టాండు చేరేసరికి నాకంటే ముందు అక్కడ ఉంటుందని తెలుసు.

మర్నాడు నిజామాబాద్ నుంచి ఫలితం వచ్చింది. బెంచ్ మిషన్‌లో కూడా కార్డు కనబడలేదు. అంటే కార్డు చచ్చిపోయిందని అర్థం. మేనేజర్ కారణం కూడా తేల్చేశాడు: పట్టీ కట్టుకోకుండా బిగించడం వల్ల ఫీల్డ్ ఇంజినీరు చేతిలో కార్డూ, కస్టమర్ మదర్‌బోర్డూ రెండూ పోయాయి. పట్టీ కట్టుకున్నానని, కావాలంటే నర్సింలును అడగమని చెప్పాను. సీలు తెరిచి ఉన్న సంగతి ముందే చెప్పానని కూడా గుర్తుచేశాను. నేను తనతో అట్లాంటి మాట ఏమీ అనలేదన్నాడు. సోమవారం నుంచి నిజామాబాద్ వచ్చి బెంచ్ దగ్గర సహాయకుడిగా కూర్చోవాలని, ఎల్లారెడ్డి వైపు ఏరియా వేరేవాళ్లకు ఇస్తానని చెప్పాడు. రిటైర్మెంట్ దగ్గరపడిన నాలాంటి మనిషిని ఏరియా నుంచి తీస్తే ఎవరూ కారణం అడగరు. కారణం అందరికీ తెలిసినట్టే ఉంటుంది. ఖాజా కార్డు కాల్చిండు. మద్నూర్ దాకా అదే మాట పోతుంది.

ఆ సాయంత్రం స్రవంతి ఫోన్ చేసింది.

"ఖాజా సార్, మీ కార్డు పెట్టి తీసినంక మా బెంచ్ మిషన్‌కు ఏమో అయింది. బోధన్ నుంచి వచ్చిన కార్డు పొద్దుగాల నడిచింది. మీ దాని తర్వాత పెడితే కనబడ్తలేదు."

"నేను బోధన్ పోలేదమ్మా" అన్నాను.

"గందుకే చెప్తున్న సార్."

ఆమె అంతే చెప్పి ఫోన్ పెట్టేసింది. మేనేజర్ పక్క గదిలో ఉన్నాడని తర్వాత తెలిసింది.

చచ్చిపోయిన కార్డు తాను పనిచేయదు. తన తర్వాత అదే స్లాట్‌లో కూర్చున్న మంచి కార్డును ఆపజాలదు. కాని ఎల్లారెడ్డిలో మంచి కార్డు ఆగింది, నిజామాబాద్‌లోనూ ఆగింది. రెండో చోట నేను లేను. కార్డు ఉంది. అంటే కార్డుతో పాటు ఏదో ప్రయాణం చేస్తున్నది; స్లాట్‌లో దిగి, తర్వాత వచ్చినదానికి అంటుకుంటున్నది.

మర్నాడు పొద్దున ఎల్లారెడ్డి వెళ్లాను. కాల్, అంటే కస్టమర్ ఫిర్యాదు, నమోదు కాలేదు కాబట్టి ఆ రోజును కంపెనీ నా సెలవు కింద రాసింది. ఆ సెలవు తిరిగి ఇవ్వలేదు.

నర్సింలు నన్ను చూసి, "మళ్ల వచ్చినవా? ఇంకేం మిగిలింది భాయ్, మానిటర్ ఒక్కటే ఉన్నది" అన్నాడు. నేను పాత కార్డు బయటికి తీశాను. దాని అంచును తెల్ల రుమాలుతో గట్టిగా తుడిచి, రుమాలు కిటికీ దగ్గర పట్టి చూశాను. పచ్చటి గీత. మామూలుగా అక్కడ నల్లటి మురికి వస్తుంది. వాసన చూశాను. టార్చి వేసి స్లాట్ లోపల చూస్తే పిన్నుల మొదట్లో అదే రంగు, నూనె మెరుపుతో. బంగారు పూత మీద పలుచగా ఉన్నప్పుడు కంటికి ఆనలేదు. తెల్లగుడ్డ మీదికి వచ్చాక దాగలేదు.

పసుపు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పూజలో పెట్టిన పసుపు వల్ల మిషన్ ఆగిపోయిందని నర్సింలు చిన్నాయన కొడుకు ఎవరైనా చెబితే అది మిషన్ గురించిన మాట. ఖాజా చెబితే అది వేరే మాట కావచ్చు. అందుకని నేను ఏమీ చెప్పలేదు. రుమాలు నర్సింలు చేతిలో పెట్టి, ఇదేందో నువ్వే చెప్పమన్నాను. అతను వాసన చూసి, లోపలికి కేకేశాడు.

"అవ్వా, గా కొత్త డబ్బల ఏమన్న ముట్టినవానే?"

నర్సింలు తల్లి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె ముఖంలో దాపరికం ఏమీ లేదు.

"ముట్టకుంట పూజ ఎట్ల అయితదిరా? నువ్వు జమ్మికి పోతివి. డబ్బకు బొట్టు పెట్టి, లోపలి సామానుకు పెట్టకుంటే ఎట్ల? గడపకు పసుపు రాసిన, మీద కుంకుమ పెట్టిన. మళ్ల నువ్వు లొల్లి పెడతవని కుంకుమ తుడిచి లోపల పెట్టిన."

"గడప ఏందే? దానికి గడప యాడిది?"

"ఈ దిక్కు మిషన్ లోపలికి పోతదని డబ్బ మీద బొమ్మ నువ్వే చూపిస్తివి గద. లోపలికి పోయే కాడ ఉండేది గడప కాకుంటే ఏంది? బంగారం లెక్క మెరుస్తున్నది, గీతలు గీతలుగ సుత ఉన్నది. చక్కగ ఈ చివర నుంచి ఆ చివరకు రాసిన. ఉత్త నీళ్లతోని అయితే ఆరినంక రాలిపోతదని ఇంత మంచినూనె కలిపిన."

ఆమె తర్కంలో నాకు తప్పు కనబడలేదు. కార్డు ఇంట్లోకి అడుగుపెట్టే అంచు అదే. నూనెలో కలిపిన పసుపు పలకలకు, పిన్నులకు మధ్య పొరలా నిలిచింది. కరెంటు వేరే తీగలో వస్తుంది కాబట్టి ఫ్యాన్లు తిరిగాయి. కార్డు కంప్యూటర్‌కు చెప్పే మాట ఈ అంచు గుండా పోవాలి కాబట్టి పోలేదు. కార్డును దింపినప్పుడల్లా ఆ పొర కొంత స్లాట్‌లోకి గీసుకుపోయింది. అక్కడి నుంచి పాత కార్డుకు. నిజామాబాద్ బెంచ్‌కు. బోధన్ కార్డుకు.

"పసుపు పెడితే ఎట్ల చెడిపోతది బిడ్డా?" అని అవ్వ నన్నడిగింది. "పుండుకు పెడితే మానుతది."

"మనిషికి మానుతది అవ్వా. దీనికి అడ్డం పడతది."

"మరి మీ ఇండ్లల్ల కొత్త బండి తెస్తే ఏం పెట్టరా?"

మా ఇంట్లోనూ నిమ్మకాయ కడతారని చెప్పాను. "కడతరు గద, ఇంజనుల పెట్టరు" అని నర్సింలు మధ్యలో అన్నాడు. అవ్వ అతని వైపు చూసి, "నాకు ఇంజను ఏదో నువ్వు చెప్పినవా?" అంది.

శుభ్రం చేయడానికి మా దగ్గర ఐపీఏ అనే ఒక స్పిరిట్ ఉంటుంది. తుడవగానే తడి లేకుండా ఆరిపోతుంది. మెత్తని బ్రష్‌తో స్లాట్ పిన్నులు, పోగులు రాని గుడ్డతో కార్డు అంచు, గుడ్డకు పసుపు రావడం ఆగేదాకా తుడిచి ఆరబెట్టాను. పాత కార్డు పెట్టి ఆన్ చేస్తే మొదటిసారికే కనబడింది. అక్కడి నుంచే స్రవంతికి ఫోన్ చేసి, కొత్త కార్డును, బెంచ్ స్లాట్‌ను, బోధన్ కార్డును అదే విధంగా తుడవమన్నాను. ఆమె కాసేపటికి తిరిగి ఫోన్ చేసి, మూడూ నడుస్తున్నాయని చెప్పింది. "బెంచ్ రూమంత పసుపు వాసన వస్తున్నది సార్. మేనేజర్ సార్ ఇది ఏ అగర్‌బత్తి అని అడిగిండు" అంది.

నర్సింలు టీ తెప్పించాడు. ఆఫీసులో మా అవ్వ పేరు రాయకు భాయ్ అని అడిగాడు. ఎవరు పెట్టారో రాయనని, ఏం పెట్టారో రాస్తానని చెప్పాను. సీలు తెరిచి ఉందని నేను ముందే చెప్పిన మాటా, నేను పట్టీ కట్టుకున్న మాటా అతను మేనేజర్‌కు ఫోన్‌లో చెప్పాలన్నాను. చెప్పాడు. నా ముందరే చెప్పాడు. "పట్టీ కట్టుకున్నడు సార్, నేను బీపీ మిషన్ అనుకున్న" అన్నాడు. పెళ్లికూతురి అన్న ముందర అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు. టీ తాగాను. టీ క్షమాపణ కాదు.

స్రవంతి తుడిచిన కొత్త కార్డును నిజామాబాద్ నుంచి తెచ్చి బిగించాను. పెళ్లికొడుకు వీడియో తీసుకొనే విమానం ఎక్కాడు. ఏరియా నా దగ్గరే ఉంది. సోమవారం నిజామాబాద్ రావలసిన అవసరం లేదని మేనేజర్ మెసేజ్ పెట్టాడు. ఎందుకు లేదో అందులో రాయలేదు.

నేను అక్కడితో వదల్లేదు. ఇంజినీరు చేతిలో కార్డు పోయిందని నా రికార్డులో రాసిన మాటను కొట్టేయాలని మేనేజర్‌ను అడిగాను. "పని అయింది గదా ఖాజా గారూ, ఇంకేంది లొల్లి?" అన్నాడు. హైదరాబాద్ ఆఫీసుకు రాశాను. జవాబు రాకపోతే మళ్లీ రాశాను. చివరికి ఆ మాట తీసి, దాని స్థానంలో 'లోపం కనబడలేదు' అని పెట్టారు. తిరిగి వచ్చిన వస్తువు బాగానే ఉంటే మా వృత్తిలో వాడే మాట అది. అది కూడా సరికాదని మళ్లీ రాశాను. లోపం ఉంది, కనబడింది, ఇంజినీరుది కాదు. నేను అడిగింది ఆ మూడో ముక్క. అది ఇప్పటికీ రాలేదు.

ఆ తర్వాత నెల సమావేశంలో మేనేజర్, స్లాట్‌ల శుభ్రత మీద మాట్లాడుతూ, పసుపు వల్ల వచ్చిన ఒక అరుదైన లోపాన్ని 'మన సెంటర్' కనిపెట్టిందని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచి, కనిపెట్టింది ఎల్లారెడ్డిలో అని, దారి చూపింది స్రవంతి అని చెప్పి కూర్చున్నాను. బర్రెల సంగతి ఎవరూ ఎత్తలేదు.

కస్టమర్లు సీలు తీయరాదని పెద్ద అక్షరాలతో స్టిక్కర్లు వచ్చాయి. మరుసటి దసరాకు వాటి మీద కూడా బొట్టు పెట్టారు. నేను నా ఏరియాలో వేరే పద్ధతి పెట్టుకున్నాను. పండుగకు ముందు పెట్టె ఇవ్వవలసి వస్తే నేనే తెరిచి, ఇంట్లో పూజ చేసే మనిషిని పిలిచి, కార్డు పక్కన స్క్రూ బిగించే ఇనుప పట్టీ చూపించి, బొట్టు ఇక్కడ పెట్టండి అని చెప్పేవాణ్ణి. మొదట చెప్పింది నర్సింలు తల్లికే. "గిది వాకిలి తలుపు అన్నట్టు" అని ఆమె ఖాయం చేసుకుంది. నేను రిటైరయ్యేదాకా ఆ దారిలో పసుపు వల్ల మళ్లీ ఏ కార్డూ ఆగలేదు.

కంప్యూటర్‌కు కనబడని ప్రతి కార్డూ చచ్చిపోయిన కార్డు కాదు. మొదట అది తాకే చోటు చూడాలి, కంటితో కాదు, తెల్లగుడ్డతో. తర్వాత, కార్డు తన చేతికి రాకముందు ఎవరెవరి చేతుల్లో ఉందో ఇంజినీరు అడగాలి. ఇంటి యజమానిని అడిగితే చాలదు. దీపం పెట్టే మనిషిని అడగాలి.